ముందు ఫిగర్లు సరిచూసుకో, ఫార్మాటింగ్ తర్వాత

తార్నాక, హైదరాబాద్

అమ్మడూ,

నీ మొదటి పరిశోధన పేపర్ ఈ నెలాఖరుకి జర్నల్‌కి పంపేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో బ్లాట్, అంటే జెల్ మీద విడదీసిన ప్రొటీన్లు బ్యాండ్లుగా కనబడే బొమ్మ, ఏమిటో తెలిసినవాళ్లం మనిద్దరమే కాబట్టి ఆ సంతోషంలో నా వాటా కాస్త పెద్దదే. అంతలోనే "ఫిగర్లన్నీ పవర్‌పాయింట్‌లో పెట్టేసిందట, ఇక ఫార్మాటింగ్ ఒక్కటే మిగిలిందట" అంది. అది విన్నాక నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో పెడితే ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

తేలికవి ముందు చెప్పేస్తాను. జర్నల్ వాళ్లు రచయితలకిచ్చే సూచనల పేజీ ప్రింట్ తీసుకుని దగ్గర పెట్టుకో. లైన్ నంబర్లు, పేజీ నంబర్లు, డబుల్ స్పేసింగ్ మర్చిపోకు. అబ్‌స్ట్రాక్ట్ 250 మాటలన్నారంటే 250 దాటకూడదు. రిఫరెన్సులు చేత్తో టైప్ చేయకు, వాటిని దాచి పేర్చిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకో. అది ఉచితం, పైగా వెనక్కి తీసుకున్న పేపర్‌ని నువ్వు ఉదహరిస్తుంటే హెచ్చరిస్తుంది కూడా. మొదటిసారి పంపేటప్పుడు రిఫరెన్సులు ఏ శైలిలో ఉన్నా పర్వాలేదని ఇప్పుడు చాలా జర్నళ్లు అంటున్నాయి. మీ జర్నల్ కూడా అలా అంటే కామాలు, ఫుల్‌స్టాపుల మీద వారం తగలెయ్యకు. ఏఐ చేత ఇంగ్లీషు దిద్దించుకుంటే ఆ సంగతి జర్నల్ అడిగిన చోట రాయి. అది ఇచ్చిన రిఫరెన్స్ ఏదైనా సరే, డీఓఐ (పేపర్‌కిచ్చే శాశ్వత లింకు) తెరిచి పేపర్ కళ్లారా చూడకుండా పెట్టావంటే మాత్రం ఊరుకోను.

ఇక నా భయం సంగతి. ల్యాబుల్లో తరతరాలుగా జరిగే తప్పు ఒకటుంది. చేసేవాళ్లకి చేస్తున్నట్టే తెలియదు. రేపు గైడుతో మీటింగ్. ఫిగర్ 3లో ఆక్టిన్ బ్లాట్ (అన్ని నమూనాల్లో ప్రొటీన్ సమానంగా వేశామని చూపే లోడింగ్ కంట్రోల్) ఇంకా రాలేదు. అక్కడ ఖాళీ ఎందుకని ఫిగర్ 2లోని ఆక్టిన్‌నే కాపీ చేసి "ప్రస్తుతానికి" పెడతారు. మీటింగ్ అయిపోతుంది. అసలు బ్లాట్ వస్తుంది, ఫోల్డర్లో పడుతుంది, ఫిగర్లోకి మాత్రం ఎక్కదు. ఆక్టిన్ బ్యాండ్లన్నీ ఒకే రేకులో ఉడికిన ఇడ్లీల్లా ఉంటాయి కదా, గైడుకీ అనుమానం రాదు, రివ్యూయర్లకీ రాదు. పేపర్ అచ్చవుతుంది. కొన్నేళ్లకి ఎవరో రెండు ప్యానెళ్లూ పక్కపక్కన పెట్టి, అచ్చయిన పేపర్ల మీద చర్చ జరిగే పబ్‌పీర్ సైట్‌లో అడుగుతారు. అప్పటికి ఆ ఫిగర్ కట్టిన పిల్ల ఏ దేశంలోనో పోస్ట్‌డాక్ చేస్తుంటుంది. ల్యాబ్ కంప్యూటర్ మార్చేసి ఉంటారు. అసలు ఫైలు దొరకదు. అది లేకపోతే, పొరపాటున జరిగిందో కావాలని చేశారో ఎవరూ తేల్చలేరు. తేలని చోట లోకం చెడ్డ అర్థమే తీస్తుంది.

ఇది నా చాదస్తం అనుకోకు. 2016లో ఎలిజబెత్ బిక్ అనే సూక్ష్మజీవశాస్త్రవేత్త, ఇద్దరు సహచరులతో కలిసి 20,621 పేపర్లలో బొమ్మలు పరిశీలించి ప్రకటిస్తే, నూటికి 3.8 పేపర్లలో ఒకే బొమ్మ అనుచితంగా రెండుచోట్ల కనిపించింది. వాటిలో కనీసం సగం కావాలని చేసినట్టున్నాయన్నారు. మిగతావాటిలో ఈ "ప్రస్తుతానికి" బాపతు ఎన్నో!

అందుకని ఇలా చెయ్యి. రాని బ్లాట్ స్థానంలో బూడిదరంగు డబ్బా పెట్టి మీద ఎర్రగా "లేదు" అని రాయి. గైడుకి నచ్చకపోయినా సరే. ప్రతి అసలు ఫైలుకీ తేదీ, బ్లాట్ నంబరు, యాంటీబాడీ, ఎక్స్‌పోజర్ సెకన్లు వచ్చేలా పేరు పెట్టు. "కొత్తది", "ఫైనల్", "ఫైనల్ 2" లాంటి పేర్లు కనబడితే ఇంటికొచ్చి మొట్టికాయ వేస్తాను. బ్లాట్ ఫొటో తీసే ఇమేజర్ ఇచ్చిన ఫైలుని మార్చకుండా ల్యాబ్ సర్వర్లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి దాచు. తర్వాత ఒక పట్టిక రాసుకో: ఏ ప్యానెల్, ఏ ఫైలు, అందులో ఏ లేన్లు (నమూనాల నిలువు వరసలు), ల్యాబ్ నోట్‌బుక్ ఏ పేజీ. అది పూర్తయ్యాక పవర్‌పాయింట్ ఫిగర్లు పక్కన పడేసి, పట్టిక చూసుకుంటూ అసలు ఫైళ్ల నుంచి ప్రతి ఫిగర్నీ మళ్లీ కట్టు. రెండు మూడు రోజుల పని. పాత ఫిగర్తో ఏదైనా తేడా వస్తే అప్పుడే బయటపడుతుంది. చివర్లో పట్టికని మీ జూనియర్ చేతికిచ్చి సరిచూడమను. నీ ఫిగర్లలో తప్పు నీ కంటికి ఆనదు.

మళ్లీ కట్టేటప్పుడే కాంట్రాస్ట్ సంగతీ చూసుకో. మారిస్తే బొమ్మ మొత్తానికి ఒకేలా మార్చాలి, ఒక్క బ్యాండు దగ్గరే కాదు. బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా తేలిపోయేదాకా పెంచితే దేన్నో దాచారనిపిస్తుంది. బ్యాండుకి ఆనుకుని కత్తిరించకు, పైనా కిందా చోటు వదిలి సైజు మార్కర్ గుర్తులు పెట్టు. పక్కపక్కన లేని లేన్లని కలిపితే మధ్యలో గీత గియ్యి, ఫిగర్ కింద రాసే లెజెండ్‌లో చెప్పు. లోడింగ్ కంట్రోల్ వేరే జెల్ మీదైతే అదీ చెప్పు. బ్యాండ్లని కొలిచావా? అయితే బొమ్మలు కొలిచే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో హిస్టోగ్రామ్ తెరువు. 8 బిట్ బొమ్మలో 255 దగ్గర, 16 బిట్‌లో 65,535 దగ్గర పిక్సెళ్లు గుట్టపడి ఉంటే ఆ బ్యాండ్ శాచురేట్ అయింది, అంటే వెలుగు కొలవగలిగే హద్దు దాటింది. ఆ కొలతకి విలువ లేదు, తక్కువ ఎక్స్‌పోజర్ తీసుకోవాలి. కత్తిరించని బ్లాట్లు ఇప్పుడు చాలా జర్నళ్లు అడుగుతున్నాయి, అడగకపోయినా సప్లిమెంటరీలో పెట్టెయ్యి.

పవర్‌పాయింట్ ఎందుకొద్దన్నానంటే, సెట్టింగ్ మార్చకపోతే సేవ్ చేసినప్పుడు అది బొమ్మల్ని కుదించేస్తుంది. జర్నల్ ఒక కాలమ్ వెడల్పు 90 మిల్లీమీటర్లు, 300 డీపీఐ అన్నదనుకో, నీ బొమ్మకి అడ్డంగా 1,063 పిక్సెళ్లు కావాలి. 400 పిక్సెళ్ల స్క్రీన్‌షాట్ తీసుకుని డబ్బాలో 300 అని కొడితే లేని వివరం పుట్టుకురాదు. గ్రాఫులు వెక్టర్‌గా ఉంచు, ఇంక్‌స్కేప్ ఉచితమే. బ్లాట్లు, మైక్రోస్కోప్ బొమ్మలు టిఫ్‌లో పెట్టు, జేపెగ్ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోగొడుతుంది. మైక్రోస్కోప్ బొమ్మ మీద "40 రెట్లు" అని రాయకు. ఫిగర్ సైజు మారితే ఆ మాట అబద్ధమవుతుంది, స్కేల్ బార్ బొమ్మతోపాటే మారుతుంది. ఎరుపు, ఆకుపచ్చ జోడీ మానేసి మెజెంటా, ఆకుపచ్చ వాడు. ఆ ఎరుపూ పచ్చా విడిగా కనబడని మగవాళ్లు రివ్యూయర్లలోనూ ఉంటారు.

మా రోజుల్లో గ్లాసీ ప్రింట్లు తీయించి, వెనక పెన్సిల్‌తో పైవైపుకి బాణం గుర్తు వేసి, మూడు కాపీలు ఎయిర్‌మెయిల్‌లో పంపేవాళ్లు. తప్పు దొరికితే మళ్లీ డార్క్‌రూమ్‌కి పోవాల్సిందే. ఆ విసుగుకే జనం నాలుగుసార్లు చూసుకునేవాళ్లు. మీకు కాపీ పేస్ట్ సులువైపోయింది.

మెథడ్స్‌లో సెంట్రిఫ్యూజ్ వేగం ఆర్పీఎమ్‌లో (నిమిషానికి చుట్లలో) రాయకు, జీలో (భూమ్యాకర్షణకి ఎన్ని రెట్లో) రాయి. అదే 12,000 ఆర్పీఎమ్, రోటర్ వ్యాసార్థం 7 సెంటీమీటర్లయితే సుమారు 11,270 జీ, 10 సెంటీమీటర్లయితే సుమారు 16,100 జీ. ఇంకో ల్యాబ్‌వాళ్లకి నీ పెలెట్ (అడుగున దిగే ముద్ద) రాకపోతే వాళ్లని అని లాభం లేదు. యాంటీబాడీలకి క్యాటలాగ్ నంబరు, ఎంత పలచన చేశావో రాయి. ఒకే ప్లేట్‌లో మూడు వెల్స్ (గుంటలు) ఉంటే ఎన్, అంటే విడివిడిగా ఎన్నిసార్లు చేశావన్న లెక్క, 3 అవదు, వేర్వేరు రోజుల్లో వేర్వేరుగా పెంచిన కణాలతో చేస్తేనే అవుతుంది. ఎర్రర్ బార్లు ఎస్‌డీనో (ప్రామాణిక విచలనం) ఎస్‌ఈఎమ్మో (సగటుకి ప్రామాణిక దోషం) ప్రతి లెజెండ్‌లోనూ ఉండాలి. జీన్ల పట్టిక ఎక్సెల్‌లో ఉంటే పేర్లు అతికించకముందే ఆ నిలువు వరసని టెక్స్ట్‌గా మార్చు, లేకపోతే కొన్ని జీన్లు తేదీలైపోతాయి. ఈ గొడవ పడలేకే 2020లో మార్చ్, సెప్ట్ కుటుంబాల మానవ జీన్లకి పేర్లే మార్చారు.

రచయితల వరస మీ గైడుతో మాట్లాడి, పంపేముందే అందరి దగ్గరా ఈమెయిల్లో ఒప్పుదల తీసుకో. పనిలో నిజంగా పాలుండటం, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండటం, చివరి ప్రతికి సరే అనడం, పేపర్‌కి బాధ్యత పడటం: వైద్య జర్నళ్ల సంపాదకుల నియమం ఈ నాలుగూ కావాలంటుంది. పరికరం వాడుకోనిచ్చినాయనకి కృతజ్ఞతల్లో మాట చాలు.

పేరు సంగతి మనవాళ్లకి ప్రత్యేకంగా తగిలే ముల్లు. మన ఇంటిపేరు ముందొస్తుంది, ఫారమ్‌లో "లాస్ట్ నేమ్" అడుగుతారు. ఒక పేపర్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరం, మరోదాంట్లో వెనకా ముందూ అయితే పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో నువ్వు ముగ్గురు మనుషులవుతావు. పాస్‌పోర్టులో ఉన్నట్టు ఒకటి ఖాయం చేసుకో, ఇవాళే ఓఆర్‌సీఐడీ (పరిశోధకులకిచ్చే సొంత గుర్తింపు నంబరు) తీసుకో. రేపు పెళ్లయ్యాక ఎవరేమన్నా పేపర్ల మీద పేరు మాత్రం మార్చకు తల్లీ.

వారంలో అచ్చేస్తామని మెయిల్ పంపే జర్నళ్ల జోలికి పోకు. మన హైదరాబాద్‌లోనే ఉన్న ఒక ప్రచురణ సంస్థ రివ్యూ విషయంలో, ఫీజుల విషయంలో రచయితలని మోసగించిందని తేల్చి 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

అప్‌లోడ్ చేశాక సిస్టమ్ ఒక పీడీఎఫ్ తయారుచేసి "ఒప్పుకుంటున్నారా" అని అడుగుతుంది. అర్ధరాత్రి కళ్లు మూతపడుతూ నొక్కెయ్యకు, మర్నాడు పొద్దున చూడు. ముఖ్యంగా మైక్రో గుర్తు. వర్డ్‌లో సింబల్ ఫాంట్‌తో పెట్టిన మ్యూ, ఫాంట్ మారితే ఇంగ్లీషు ఎమ్ అయిపోతుంది. మైక్రోగ్రాములు మిల్లీగ్రాములైతే డోసు వెయ్యి రెట్లు పెరిగినట్టే. కరెస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత) మీ గైడే కదా, నీ ఈమెయిల్ మాత్రం కాలేజీది ఇవ్వకు, థీసిస్ అయ్యాక మూసేస్తారు. ఆ పట్టికా, కొత్తగా కట్టిన ఫిగర్ 3, దాని అసలు ఫైళ్లూ ఆదివారంలోగా నాకు పంపు. మీ గైడుని అడిగే పంపు.

మీ పెద్దమ్మ