ఒడిశాలోని చిలికా సరస్సులో డాల్ఫిన్లు నిజంగా కనబడతాయా? టీవీలో చూపించినట్టు ఎగురుతాయా?

కనబడతాయి, కానీ ఎగిరేది బహు తక్కువ. ఆ సంగతి తెలియక మొదటిసారి మా పిల్లలు మొహాలు వేలాడేశారు.

పూరీ నుంచి 50 కిలోమీటర్లు వెళ్ళి చిలికా ఒడ్డునున్న సాతపడాలో బోటెక్కాం. కాసేపటికి బూడిదరంగు వీపొకటి లేచి, చిన్న రెక్క చూపించి మునిగింది. మా బోటువాడు వెంటనే అటు ఉరికించాడు, చుట్టూ ఉన్న నాలుగు బోట్లూ అంతే. అది మళ్ళీ తేలితే ఒట్టు! రెండోసారి బేరమాడేటప్పుడే "వెంటపడొద్దు, ఇంజను ఆపి ఉంచు" అని చెప్పాను. పావుగంట గడిచాక పక్కనే "ఫూ..." మని ఊపిరి వదిలిన చప్పుడు. తల బోర్లించిన చెంబులా నున్నగా ఉంది, మూతి అసలు పొడుచుకు రాలేదు. దాని పక్కనే ఇంకో చిన్నది, పిల్ల అనుకుంటా.

ఇవి ఇరవాడి డాల్ఫిన్లు. గంగలో ఉండే పొడుగు మూతిది వేరే జాతి. పేరు బర్మా నదిదే గానీ, శాస్త్రవేత్తలు ఈ జాతిని గుర్తించింది 1852లో మన విశాఖ రేవులో దొరికిన దాన్ని బట్టి. ఇంగ్లండు శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1866లో దాన్ని వర్ణించాడు. విశాఖవాణ్ణి కదా, ఈ ముక్క చెప్పకుండా ఉండలేను. బంగాళాఖాతం నుంచి ఫిలిప్పీన్స్ దాకా ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట్ల ఉంటాయి. ఇరవాడి, మెకాంగ్, మహాకం నదుల్లోవి మాత్రం మంచినీళ్ళలోనే బతుకుతాయి. చిలికాలో నూట యాభై పైచిలుకు ఉన్నట్టు లెక్క.

తిండి చేపలు, రొయ్యలు, పీతలు. నోటితో నీళ్ళు చిమ్మి చేపల్ని ఒకచోటికి తోలతాయి. ఇరవాడి నదిలో జాలర్లు పడవ అంచు మీద తట్టి పిలిస్తే చేపల్ని విసురువల వైపు తోలిపెడతాయి, చెదిరినవి తాము తింటాయి. మళ్ళీ ఈ డాల్ఫిన్లను ఎక్కువగా చంపేదీ వలలే. నీళ్ళలో నిలువుగా కట్టిన వలలో చిక్కుకుంటే ఊపిరికి పైకి రాలేవు.

గాలి లేచాక అలల్లో వీపు కనబడదు, అందుకే పొద్దున్నే వెళ్ళండి. ఇసుకదిబ్బ దగ్గర బోటు ఆపి, గుల్ల పగలగొట్టి ముత్యం తీసి చూపిస్తారు. కొనకండి. నేను కొన్నదాన్ని ఇంటికొచ్చి గోరుతో గీకితే పెచ్చు ఊడింది.