టెక్నోలో జీవం పోయిందా?

ఈమధ్య వస్తున్న టెక్నో (మెషీన్లతో చేసే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం) అంతా మూసలో పోసినట్టుంది, ఆత్మ లేదు, కొత్తదనం లేదు అన్నారు మీరు. అమెరికాలోని డెట్రాయిట్ శివార్లలో ఉద్యోగం చేసుకుంటూ ఏళ్లుగా ఈ సంగీతం వింటున్నదాన్ని. మీ మాట సగం ఒప్పుకుంటాను. రీల్స్ కోసం తయారవుతున్న టెక్నోలో జీవం తక్కువే. మొత్తం టెక్నో అదేననుకుంటేనే చిక్కు.

ఈ సంగీతం ఇక్కడే, 1980లలో, కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న కాలంలో పుట్టింది. బెల్‌విల్ అనే చిన్న ఊళ్లో కలిసి చదువుకున్న నల్లజాతి కుర్రాళ్లు హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ దీనికి ఆద్యులు. రేడియోలో ఫంక్ పాటలూ, జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ పాటలూ వింటూ పెరిగారు. 1983లో వచ్చిన రోలాండ్ 909 డ్రమ్ మెషీన్ (డ్రమ్ శబ్దాలు పుట్టించే యంత్రం) సరిగ్గా అమ్ముడుపోక, కొద్దికాలానికే దాని తయారీ ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిన అలాంటి మెషీన్లతోనే చాలామంది ప్రయోగాలు చేశారు. ఇప్పుడు లూపులన్నీ (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న సంగీతపు ముక్కలు) రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి, అందరూ వాటినే వాడితే ఒకేలా వినిపించక ఏం చేస్తాయి? పైగా నిమిషానికి 130 బీట్లకు అటూఇటూగా నడిచిన సంగీతాన్ని 150 దాటించి, క్షణక్షణానికీ డ్రాప్ (ఊరించి ఆపి, బీట్‌ను ఒక్కసారిగా దింపడం) పెడుతున్నారు. రీల్స్ తీయడానికి ఫోన్లు పైకి లేవాలి కదా!

కానీ మే నెలాఖరులో డెట్రాయిట్‌లోని హార్ట్ ప్లాజాలో జరిగే మూవ్‌మెంట్ ఫెస్టివల్‌కి వచ్చి, నేల కింద ఉన్న స్టేజి దగ్గర ఓ గంట నిలబడి చూడండి. అక్కడ ఒకసారి ఒక డీజే చాలాసేపు ఒకే కిక్ (బరువైన డ్రమ్ దెబ్బ) నడిపించాడు. దాని మీద హై-హ్యాట్‌ను (తాళాల్లాంటి సన్నని శబ్దాన్ని) మాత్రం కొంచెం కొంచెంగా తెరుస్తూ పోయాడు, అంతే. కాంక్రీటు గోడలు అదురుతుంటే నా పక్కన కబుర్లాడుతున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే మాటలాపేశారు. రాగాలాపనలోంచి ముప్ఫై సెకన్లు కత్తిరించి వినిపిస్తే అందులో ఏముందంటారు ఎవరైనా. టెక్నో కూడా అంతే, సాగదీసి వింటేనే పట్టు దొరుకుతుంది.

ఆత్మ అన్నారు కాబట్టి రాబర్ట్ హుడ్ గురించి చెప్పాలి. 1990ల నుంచీ మినిమల్ టెక్నోకి (అతి తక్కువ శబ్దాలతో చేసే టెక్నోకి) పెద్దదిక్కు, చర్చి బోధకుడు కూడా. కూతురు లిరిక్‌తో కలిసి ఫ్లోర్‌ప్లాన్ పేరుతో గాస్పెల్ (చర్చి భక్తిగీతాల) గొంతుల్ని టెక్నోలో కలుపుతున్నాడు. హాంబర్గ్ డీజే హెలెనా హౌఫ్‌నీ వినండి, పాత అనలాగ్ మెషీన్ల ధ్వనిని ఆమె ఇప్పటికీ వదల్లేదు. క్లిప్పులు వద్దు, పూర్తి సెట్ (డీజే ఏకధాటిగా వినిపించే సంగీతం) పెట్టుకోండి, మంచి హెడ్‌ఫోన్లతో. విన్నాక కూడా నచ్చకపోతే ఇక్కడే రాయండి, ఇంకొన్ని పేర్లు చెప్తాను.