అల్లుడు తెచ్చిన బరోలో ఎన్నాళ్లు దాచొచ్చు?

ప్రశ్న: మా అల్లుడు ఇటలీలో టొరినోలో పనిచేస్తాడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు 2016 బరోలో అని ఒక రెడ్ వైన్ బాటిల్ తెచ్చిచ్చాడు, ఎంత పాతబడితే అంత బాగుంటుంది మావయ్యగారూ, పాప పెళ్లికి తీద్దాం అన్నాడు. మనవరాలికి ఇప్పుడు నాలుగేళ్లు. బీరువా మీద నిలబెట్టి ఉంచా. నిజంగా అన్నాళ్లు ఉంటుందా?
- ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ అల్లుడుగారు చెప్పింది బరోలో విషయంలో కరెక్టేనండి, తేడా అల్లా మీ బీరువాతోనే.

పాతబడితే ఏ వైనైనా బాగుపడుతుందనేది ఉత్తమాట, షాపుల్లో అమ్మేవి చాలావరకు ఒకట్రెండేళ్లలో తాగేయడానికి చేసినవే. బరోలో సంగతి వేరు. టొరినోకి దగ్గర్లోనే కొండల మీద నెబ్బియోలో అనే ఒకే ఒక్క ద్రాక్ష రకంతో చేస్తారు, ఆ కాయ పండేసరికి అక్టోబర్ వచ్చేస్తుంది, వగరూ పులుపూ రెండూ గట్టిగా ఉంటాయి, వైన్‌ని ఏళ్లపాటు నిలబెట్టేది ఆ రెండే. అమ్మే ముందు 38 నెలలు ఆపాలని, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచాలని అక్కడ రూలే ఉంది. రంగు చూస్తే పలచగా ఉంటుంది కదా, ఇదేం చేస్తుందిలే అనుకుని లేత బరోలో నోట్లో పోసుకుంటే పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్లు పట్టేస్తాయి. ఆ వగరు ద్రాక్ష తొక్కల్నుంచి, గింజల్నుంచి వచ్చే టానిన్లు అనే పదార్థాలదే, ఏళ్లు గడిచేకొద్దీ అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి, కొంత మడ్డిగా అడుక్కి దిగిపోతుంది, వైన్ మెత్తబడి ఎరుపు కాస్తా ఇటుక రంగుకి తిరుగుతుంది, ఎండు గులాబీ వాసన, తారు వాసన వస్తాయి. తారంటే రోడ్డుకేసేదే, దాన్నే మెచ్చుకుంటారు మరి! 2016 అంటే ద్రాక్ష కోసిన ఏడాది, మంచి పేరున్న సంవత్సరం, సరిగ్గా దాస్తే ఇరవై ఏళ్లు ఆగడం దానికి పెద్ద లెక్క కాదు.

సరిగ్గా అంటే 12-14 డిగ్రీల్లో, చీకట్లో, పడుకోబెట్టి. నిలబెడితే కార్క్ ఎండిపోయి గాలి దూరుతుంది. బెజవాడ ఎండలకి బీరువా మీద వైన్ ఉబ్బి కార్క్‌ని బయటికి తోస్తుంది, రుచి ఉడికిన పళ్లలా అయిపోతుంది, పైగా మీదిప్పటికే ఒక ఎండాకాలం దాటేసింది. కార్క్ పైకి లేచిందా, పక్కల్నుంచి జిగురుగా కారిందా చూడండి. ఫ్రిజ్‌లో కొన్ని నెలలైతే పర్లేదు, ఏళ్ల తరబడి వద్దు.

అందుకని అప్పటిదాకా ఫ్రిజ్‌లో పెట్టి, అల్లుడు ఈసారి రాగానే తీసేయండి. ముందురోజు నిలబెడితే మడ్డి అడుక్కి దిగుతుంది, మెల్లగా గాజు జగ్గులోకి వంచి ఓ రెండు గంటలు వదిలేయండి. మటన్ పక్కన భేషుగ్గా ఉంటుంది గానీ ఆ పూటకి కారం తగ్గించమనండి, మన గుంటూరు కారం తగిలితే వగరు ఇంకా రేగుతుంది. పాప పెళ్లికంటారా, ఇంకో బాటిల్ కొని టొరినోలోనే ఏ చల్లటి నేలమాళిగలోనో పడుకోబెట్టమనండి.