పసుపు గీతలు గీసినా మనుషులు ఫోర్క్‌లిఫ్ట్ దారిలోకి ఎందుకు వస్తారు?

గోదాం నేలపై గీతలు గీయించి, బోర్డులు పెట్టించినా హమాలీలు ఫోర్క్‌లిఫ్ట్ (సరుకు ఎత్తి మోసే బండి) తిరిగే దారిలోకే వస్తున్నారని, ఏం చేయాలని మీరు అడిగారు. మేడ్చల్ వైపు ఒక గోదాంలో షిఫ్ట్ సూపర్‌వైజరుగా పనిచేసినవాడిగా చెబుతున్నాను: వాళ్లు ఏ పని మీద అక్కడికి వస్తున్నారో ముందు చూడండి.

మా దగ్గర గాయపడిన హమాలీ అజాగ్రత్తగా ఏమీ లేడు. బండికి దారి ఇద్దామనే ర్యాక్‌ను ఆనుకుని పక్కకు నిలబడ్డాడు. ఫోర్క్‌లిఫ్ట్‌కు కారులా ముందు చక్రాలు కాక వెనుక చక్రాలు తిరుగుతాయి కనుక, బండి కుడికి మళ్లగానే దాని వెనుక భాగం ఎడమకు విసురుగా జరిగి, చక్రం అతని పాదం మీదికి ఎక్కింది. సరుకుకు తూకంగా వెనుక ఇనుప దిమ్మె ఉంటుంది. రెండున్నర టన్నులు ఎత్తే డీజిల్ బండి ఖాళీగానే మూడున్నర టన్నులకు పైగా తూగుతుంది. అతను అరిచేదాకా డ్రైవరుకు తెలియలేదు.

తప్పు డ్రైవరుదేనని నేనే నివేదిక రాశాను. తరువాత ఒక పూట అక్కడే నిలబడి చూస్తే, ఆ వరుస చివర మేమే మంచినీళ్ల క్యాన్ పెట్టామని, లారీ డ్రైవర్లు బిల్లు కోసం అదే దారిన వస్తున్నారని గమనించాను. క్యాన్‌ను బయటికి మార్చి, బిల్లుల కిటికీని బయటి గోడకు తెరిపించి, నడిచేవారికి వేరే తలుపు, ఇనుప రెయిలింగు పెట్టించాక రద్దీ చాలావరకు తగ్గింది. గీతలకు విలువ వచ్చింది ఆ తరువాతే.

మలుపుల్లో కుంభాకార అద్దాలు అవసరమే. గంటకు పది కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి, డ్రైవరు తేరుకుని బ్రేకు మీద కాలు వేసే ఒక్క సెకనులోనే దాదాపు మూడు మీటర్లు ముందుకు వెళ్తుంది. హారన్‌ను మాత్రం ఎక్కువగా నమ్ముకోకండి. రోజంతా మోగే శబ్దాన్ని చెవి పట్టించుకోదు. బ్యాటరీ బండ్లకు ఇంజన్ చప్పుడు కూడా ఉండదు కాబట్టి, ముందు నేలపై పడే నీలి లైటు బాగా పనికొచ్చింది. సరుకు చూపుకు అడ్డమైతే బండిని వెనక్కి నడపమని, మెడ పక్కకు సాచి ముందుకు పోవద్దని డ్రైవర్లకు గట్టిగా చెప్పాము.

వేసవిలో లారీ డ్రైవర్లు నీడ కోసం డాక్ (లారీల సరుకు ఎక్కించి దించే చోటు) లోపలికి వచ్చి కూర్చోవడం మాత్రం, గేటు పక్కన రేకుల షెడ్డు వేసి ఫ్యాను పెట్టించేదాకా ఆగలేదు.