మాలలో ఉండగా ఇంటర్వ్యూ వస్తే గడ్డం తీసేయాలా?

ప్రశ్న: ఈ ఏడాదే బీఫార్మసీ అయింది. నవంబరులో అయ్యప్ప మాల వేసుకున్నాను. డిసెంబరు రెండో వారంలో ఇంజెక్షన్లు తయారుచేసే కంపెనీలో ప్రొడక్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. గడ్డంతో వెళ్తే తీసుకోరని సీనియర్లు అంటున్నారు, మధ్యలో మాల తీస్తే అపచారమని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు? (గుంటూరు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: స్వామీ, గడ్డమూ తీయొద్దు, మాలా తీయొద్దు, ఇంటర్వ్యూకి మాత్రం వెళ్లండి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మన దగ్గర ఏ ఆఫీసుకి వెళ్లినా నల్లబట్టల్లో ఇద్దరు ముగ్గురు స్వాములు కనిపిస్తూనే ఉంటారు, మిమ్మల్ని ప్రశ్నలడిగే ఆయనే మాలలో ఉన్నా ఆశ్చర్యం లేదు.

మీ సీనియర్లది పూర్తిగా తప్పని కూడా అనను. కాకపోతే వాళ్లు ఇంటర్వ్యూ గదినీ ప్లాంటునీ కలిపేశారు. ఇంజెక్షన్ అంటే ఒంట్లోకి నేరుగా పోయే మందు, అందుకని స్టెరైల్ ఏరియాలో, అంటే సూక్ష్మజీవులు చేరకుండా కాపాడే గదుల్లో, రాలే వెంట్రుక, చర్మం పొట్టు, వాటిని పట్టుకుని వచ్చే సూక్ష్మజీవులు అన్నీ ప్రమాదమే. తలకి హుడ్, గడ్డం మీసాలకి కవర్, కళ్లకి గాగుల్స్, చేతులకి గ్లవ్స్ వేసుకుని గానీ లోపలికి పోకూడదు. ఉంగరాలు, తాళ్లు, విభూతి, గంధం ఏవీ ఉండకూడదు. గడ్డాన్నైతే కవర్ కింద దాచేస్తారు, మరి మెడలో మాల సంగతేంటి? పైగా సేఫ్టీ షూ లేకుండా ప్లాంటులో అడుగు పెట్టనివ్వరు. అంటే మీ చిక్కు గడ్డంతో కాదు, చేరే తేదీతో.

ఆ మాట మీరే ముందు ఎత్తండి. "సార్, దీక్షలో ఉన్నాను, ఫలానా తేదీకి మాల విరమణ, ఆ మర్నాటి నుంచి మీ రూల్స్ ప్రకారం వస్తాను" అంటే చాలు, దీక్ష మహిమ గురించి ఉపన్యాసం అక్కర్లేదు. మండల దీక్ష 41 రోజులే కాబట్టి రెండు మూడు వారాలు ఆగమంటే ఎవరూ పెద్దగా కాదనరు, మకరజ్యోతికే వెళ్తానంటే మాత్రం జనవరి 14 దాటుతుంది, అది దాచకుండా చెప్పండి. ఇంటర్వ్యూ రోజే ప్లాంటు చూపిస్తామంటారేమో, షూ సంగతి మీ గురుస్వామిని ముందే అడిగి పెట్టుకోండి. ఫ్యాక్టరీల్లో డ్యూటీ వరకు షూ వేసుకునే స్వాముల్ని నేను చూశాను.

బట్టలకేం, ఇస్త్రీ చేసిన నల్ల చొక్కా, నల్ల ప్యాంటు. దీక్షలో గోళ్లు కూడా తీయరు కదా, కనీసం వాటి కింద మట్టి లేకుండా చూసుకోండి, ప్రొడక్షన్ వాళ్ల చూపు ముందు చేతుల మీదకే పోతుంది.

ఇంకో సంగతి. నెలన్నర పెరిగాక అద్దంలో చూసుకుని "బాగుందే" అని గడ్డం ఉంచేసే వాళ్లు చాలామంది. మీరు రేపు జీడిమెట్ల, పరవాడ లాంటి చోట బల్క్ డ్రగ్ యూనిట్‌లో (మందులకి కావాల్సిన ముడి మందు తయారుచేసే చోట) చేరితే ద్రావకాల ఆవిర్లు, పొడి పీల్చకుండా ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు పెట్టుకోవాలి. దాని అంచుకీ చర్మానికీ మధ్య వెంట్రుకలుంటే, రెండ్రోజుల గడ్డమైనా సరే, గాలి పక్కనుంచి లోపలికి వచ్చేస్తుంది. గడ్డం తీయమని అక్కడ చెప్పేది మీ ఊపిరితిత్తుల కోసం. గడ్డమున్నా పనికొచ్చే హుడ్ రకం మాస్కులున్నాయి గానీ అన్ని చోట్లా ఇస్తారని నమ్మకం పెట్టుకోకండి.

తీసుకోకపోతే కోర్టుకెళ్లొచ్చని ఎవరైనా ఎక్కిస్తే వినకండి. రాజ్యాంగంలో మత స్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వం మీద పనిచేసేది, ప్రైవేటు కంపెనీ మీద నేరుగా దాంతో వెళ్లడం కష్టం. ప్రభుత్వం వైపు కూడా అంత సులువేం కాదు, గడ్డం పెంచినందుకు వైమానిక దళం ఉద్యోగంలోంచి తీసేసిన ఒకాయన కేసులో సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో దళం నిర్ణయాన్నే సమర్థించింది.

ఇరుముడి ఎప్పుడు కడుతున్నారో, తిరిగి ఎప్పుడొస్తారో ఇప్పుడే ఖరారు చేసుకోండి. ఎప్పుడు చేరతారని అడిగినప్పుడు "గురుస్వామిని కనుక్కుని చెప్తా సార్" అనకూడదు.