నేను లినక్స్‌కి మారింది ఒక పెన్‌డ్రైవ్ వల్ల

"అందరూ విండోస్ వాడుతుంటే మీరు లినక్స్ ఎందుకు వాడుతున్నారు? డబ్బు మిగులుతుందనేనా?" అని నన్ను అడిగారు. లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ఉచితంగా దొరుకుతుంది.

డబ్బు సంగతి నాకు చాలా తర్వాత తట్టింది. తణుకులో నాకు డీటీపీ (కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీలు కూర్చే పని), జిరాక్స్ సెంటర్ ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. రోజుకి పాతిక ముప్పై పెన్‌డ్రైవ్‌లు మా సిస్టమ్‌లకి పెడతాం. ఒక్కొక్కటి అంతకుముందు ఎన్ని కంప్యూటర్లు తిరిగి వచ్చిందో తెచ్చినవాళ్లకే తెలియదు. సాఫ్ట్‌వేర్ వాళ్లు లినక్స్ ఎందుకు వాడతారో వాళ్లు చెబుతారు. నా కారణం మాత్రం 2013 వేసవిలో ఒక రాత్రి జరిగింది.

షట్టర్ సగం దించాక ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు వచ్చారు. అప్పటికి పదకొండేళ్లుగా ఆయన డెల్టా పల్లెలు తిరిగి వరి సాగు మాటలు పోగుచేస్తున్నారు. ఆకుమడి, దమ్ము, ఊడ్పు, పన, కుప్పనూర్పు, తూర్పారబట్టడం... ఏ మాటను ఏ ఊళ్లో ఎలా పలుకుతారో, ఎవరు చెప్పారో అంతా రాసి టైప్ చేయించుకున్నారు. అదంతా ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఆ సాయంత్రం వేరే చోట ప్రింట్ తీయిద్దామని ఇస్తే ఫోల్డర్లన్నీ మాయమై ఒక్క షార్ట్‌కట్ మిగిలింది. "ఫార్మాట్ కొట్టేద్దాం, బాగైపోద్ది" అన్నాడట అక్కడి కుర్రాడు. మాస్టారు పెన్‌డ్రైవ్ లాక్కుని నా దగ్గరికి వచ్చేశారు.

"బాబూ, ఇది పోతే మళ్లీ ఆ ఊళ్లన్నీ తిరిగే ఓపిక నాకు లేదు. ఓపిక ఉన్నా, చెప్పినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు" అన్నారు.

నా సిస్టమ్‌లో పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. మర్నాడు ఇవ్వాల్సిన పెళ్లికార్డులు అందులోనే ఉన్నాయి. మూల ఒక పాత ల్యాప్‌టాప్ పడి ఉంది. మా తమ్ముడు ఇంజినీరింగ్ చదివేటప్పుడు దానిలో ఉబుంటు 12.04 అనే లినక్స్ వేసి, "బిల్లులు కొట్టుకోడానికైనా పనికొస్తుంది అన్నయ్యా" అని వదిలి వెళ్లాడు. దుమ్ము తుడిచి, దానికి పెట్టాను. షార్ట్‌కట్ పక్కనే పేరు లేని ఫోల్డర్ ఒకటి కనిపించింది. తెరిస్తే లోపల ఊరి పేర్లతో వరసగా ఫోల్డర్లు. అత్తిలి, ఇరగవరం, పెంటపాడు, ఉండి. మాస్టారు స్టూలు మీద కూర్చుని ఒక్కో పేరూ పైకి చదివారు. చివరి ఊరి దాకా చదివి, అన్నీ ఉన్నాయని తేలాకే మంచినీళ్లు అడిగారు.

ఆ రకం వైరస్ ఫైళ్లను చెరపదు. వాటికి హిడెన్, సిస్టమ్ అనే గుర్తులు తగిలించి, ఖాళీగా కనిపించే ఒక అక్షరమే పేరుగా ఉన్న ఫోల్డర్‌లోకి నెట్టేస్తుంది. పైన ఒక షార్ట్‌కట్ పెడుతుంది. దాన్ని నొక్కితే మన ఫైళ్లూ తెరుచుకుంటాయి, వెనకాల వైరస్సూ నడుస్తుంది. హిడెన్ గుర్తు ఉన్నవాటిని దాచడం విండోస్ పద్ధతి, అందులో దాని తప్పేమీ లేదు. లినక్స్‌లో పేరుకి ముందు చుక్క ఉన్న ఫైళ్లనే దాస్తారు. పెన్‌డ్రైవ్‌లోని ఆ గుర్తులను ఫైల్ మేనేజర్ లెక్కచేయలేదు, ఆ షార్ట్‌కట్ అక్కడ నడవదు. విండోస్‌లోనే ఆ గుర్తులను తొలగించే అట్రిబ్ కమాండ్ కొట్టి ఫైళ్లను బయటికి తీయొచ్చని చాలామంది చెబుతారు. నేనూ ఎన్నోసార్లు తీశాను. కానీ తీసే సిస్టమ్‌కే అంటుకుంటుందేమో అన్న టెన్షన్ ఎప్పుడూ ఉండేది. షాపు నడిపేవాడికి ఆ టెన్షన్ పోవడం చిన్న విషయం కాదు.

2014 ఏప్రిల్ 8న పాత విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. నాకున్న మూడు సిస్టమ్‌లలో రెండింటికి అప్పుడే లినక్స్ మింట్ వేసేశాను. నా చేతులకి అలవాటైన ఆపిల్ కీబోర్డ్ లేఅవుట్ (ఏ మీటకి ఏ అక్షరం అన్న అమరిక) తెలుగుకి అందులోనూ దొరికింది. అది లేకపోతే మారేవాణ్ణి కాదు. ఏళ్ల తరబడి ఒక లేఅవుట్‌లో కొట్టిన వేళ్లను ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే లేఅవుట్‌కి తిప్పడం ఎంత కష్టమో డీటీపీ వాళ్లను అడగండి. మూడో సిస్టమ్ ఇప్పటికీ విండోసే. ఫ్లెక్సీలకి కోరల్‌డ్రా కావాలి, 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7లో చేసిన పాత పనులు ఇంకా తిరిగి వస్తుంటాయి. దానికి మాత్రం బయటి పెన్‌డ్రైవ్ పెట్టనివ్వను. ముందు లినక్స్‌లో తెరిచి, కావాల్సిన ఫైల్ ఒక్కటే అందులోకి పంపుతాను. ఈ పద్ధతి పెట్టాక మళ్లీ ఫార్మాట్ కొట్టే అవసరం రాలేదు.

డబ్బు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ కూడా ఆగిపోయింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత సిస్టమ్‌లకి విండోస్ 11 అధికారికంగా రాదు. బాగా పనిచేస్తున్న కంప్యూటర్‌ని పాతసామానుకి వేయడం నాకు నచ్చదు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లినక్స్‌తోనే పిల్లలకి కంప్యూటర్ నేర్పుతున్నారు. మన బడుల్లోనూ నేర్పాలి, నేర్పితే పిల్లలు నెల రోజుల్లో పట్టేస్తారు. ఈ విషయంలో నాకు అనుమానం లేదు.

అయితే ఆ రాత్రి ఇంకో గండం ఉంది. అత్తిలి ఫోల్డర్‌లో ఫైల్ తెరిస్తే ఒక్క తెలుగు ముక్క లేదు, అంతా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. మాస్టారి మొహం మళ్లీ పాలిపోయింది. అది వైరస్ పని కాదు. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెడతాయి. ఆ ఫాంట్ లేని చోట అసలు రంగు బయటపడుతుంది. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించేలా ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగు 1991 నుంచీ ఉంది. ఇప్పటికీ పత్రికలకీ కరపత్రాలకీ అలాంటి ఫాంట్లలోనే కొట్టి, వెతికినా దొరకని తెలుగుని పోగేస్తున్నారంటే నాకు చాలా బాధ. విండోసా లినక్సా అన్నది తర్వాత చూసుకోవచ్చు, మీ పాత ఫైళ్లుంటే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి. మాస్టారివి కన్వర్టర్‌తో మార్చాం. ఒత్తులు చాలా చోట్ల చెదిరిపోయాయి. ఆయన రోజూ సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని ఒక్కో మాటా చదివి దిద్దించారు. అత్తిలి ఫోల్డర్ ఒక్కదానికే పదిహేను రోజులు పట్టింది.