రాసే ముందు గదిని విను

తమ్ముడూ,

బేస్ గిటార్, దాని పరికరాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి బేస్ ఒళ్లో పెట్టుకుని. తీగలు మార్చడం గురించి నువ్వు రాసిన పేరా నాకు చాలా నచ్చింది. పాత తీగ మీద వేలు ఎలా ఆగుతుందో, కొత్త తీగ మీద ఎలా కీచుమంటుందో రాశావు చూడు, అది చేసి చూసినవాళ్లకే వచ్చే మాట. మూడో పేరాకి వచ్చేసరికి ఆ గొంతు మాయమైంది. "500 వాట్ల యాంప్ ఉంటే ఏ హాలుకైనా సరిపోతుంది" అన్నావు. ఆ వాక్యం నువ్వు యాంప్ (యాంప్లిఫయర్) డబ్బా మీద నుంచి తెచ్చుకున్నావని నా అనుమానం.

వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి "కొంచెం పెంచారు" అనిపిస్తుంది, అంతే. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్ల పవర్ కావాలి. యాంప్‌కి కలిపే స్పీకర్ల పెట్టెని క్యాబినెట్ అంటాం, పొట్టిగా క్యాబ్. దాని వివరాల్లో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. ఒక వాట్ ఇచ్చి, ఒక మీటరు దూరంలో ఎంత మోగిందో కొలిచిన లెక్క అది. ఒక క్యాబ్‌కి 97, ఇంకోదానికి 100 ఉందనుకో. మొదటిదానికి 500 వాట్లు ఇస్తే ఎంత మోగుతుందో రెండోది 250తోనే అంత మోగుతుంది. యాంపెగ్ ఎస్‌వీటీ అనే బేస్ యాంప్ 1969లో వచ్చినప్పుడు దాని పవర్ 300 వాట్లు. దానికి పెద్ద వేదికల మీద పేరు తెచ్చినవాటిలో ఎనిమిదేసి 10 అంగుళాల స్పీకర్లున్న ఆ క్యాబినెట్ల వాటా చాలా ఉంది. కింద ఎన్ని స్పీకర్లు గాలిని కదుపుతున్నాయో చెప్పకుండా పైన వాట్లు చెబితే సగమే చెప్పినట్టు. నీ మాట నమ్మి ఎవరో దాచుకున్న డబ్బు తీస్తారు. మిగతా సగం తెలియక తప్పుగా కొంటే ఆ నష్టం వాళ్లది.

ఇది నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక క్యాబినెట్ మీద సమీక్ష రాశాను. "మిగతా అంతా బాగానే ఉంది, ఏ షార్ప్ (A#) స్వరం దగ్గర మాత్రం గుమ్మని ఊగిపోతోంది, డిజైన్ లోపం" అని రాసేశాను. నాలుగు రోజులు వాయించాకే రాశాను, తొందరపడ్డానని కూడా అనుకోలేదు. ఆ క్యాబ్ కొనాలనుకున్న ఒకతను నా సమీక్ష చదివి మానేశానని, చాలా థాంక్స్ అని ఉత్తరం రాశాడు. కొన్ని నెలల తర్వాత అదే క్యాబ్‌ని ఒక రిహార్సల్ హాల్లో పెట్టి వాయిస్తే ఆ స్వరం మిగతా వాటితో సమానంగా, శుభ్రంగా పలికింది. ఇంటికొచ్చి టేపు తీసి నా గది కొలిచాను. గోడ నుంచి గోడకి 3 మీటర్లు.

లెక్క చూడు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 3 మీటర్ల ఎడంలో నిలబడి ఊగే మొదటి తరంగం 57 హెర్ట్జ్ (సెకనుకి 57 కంపనాలు) దగ్గర ఉంటుంది. లావుపాటి తీగ మీద ఆరో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) దగ్గర పలికే ఏ షార్ప్, 58 హెర్ట్జ్. అంటే ఆ స్వరం వాయించిన ప్రతిసారీ గదే నాతో పాటు మోగుతోంది. క్యాబ్‌ని ఒక గోడకి ఆనించి, నేను ఎదురు గోడకి వీపు ఆనించి కూర్చున్నాను, అది సరిగ్గా ఎక్కువ వినిపించే చోటు. లేచి గది మధ్యలోకి నడిస్తే అదే స్వరం పల్చబడిపోయింది. వాయిస్తూ మూడు అడుగులు వేస్తే బయటపడే సంగతి అది. ఆ మూడు అడుగులు వేయకుండా ఒక మంచి క్యాబినెట్‌కి చెడ్డపేరు తెచ్చాను. తప్పు ఒప్పుకుంటూ మళ్లీ రాశాను, కానీ మొదటిది చదివిన అందరూ రెండోది చదివి ఉండరు. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే నిన్ను ఒకటి అడుగుతున్నాను. ఏ యాంప్ గురించి రాసినా, ఏ స్పీకర్ గురించి రాసినా, ముందు లావుపాటి తీగ మీద ఓపెన్ (ఏ ఫ్రెట్ నొక్కకుండా) నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఒక్కొక్క స్వరం ఒకే బలంతో వాయించు. ఏది ఉబ్బుతోంది, ఏది మునుగుతోంది, కాగితం మీద రాసుకో. క్యాబ్ జరిపి మళ్లీ వాయించు. నువ్వు జరిగి మళ్లీ వాయించు. ఉబ్బిన స్వరం చోటుతో పాటు మారిందంటే అది గది. ఎక్కడ పెట్టినా, గది మార్చినా అదే స్వరం దగ్గర అలాగే ఉంటే అప్పుడు క్యాబ్ గురించి రాయి, లేదా నీ బేస్ గురించి రాయి. కొన్ని బేస్‌లలో సన్న తీగ మీద ఐదో ఫ్రెట్ చుట్టుపక్కల స్వరం త్వరగా చచ్చిపోతుంది, అది మెడ చెక్క కంపించే తీరు వల్ల వచ్చేది. దానికి ఏ యాంప్‌నీ తప్పుపట్టకు.

స్టేజీ గురించి రాసినచోట డీఐ బాక్స్‌ని, అంటే బేస్‌ని నేరుగా మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టెని, రెండు వాక్యాల్లో దాటేశావు. నీ వ్యాసంలో అన్నిటికంటే ఎక్కువ చోటు దానికివ్వాలి. కాస్త పెద్ద వేదిక అయితే జనం వినే బేస్ నీ వెనకున్న క్యాబ్‌ది కాదు, డీఐ గుండా మిక్సర్‌కి వెళ్లినది. 1960ల్లో డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ అనే బేసిస్టు బేస్‌ని నేరుగా కన్సోల్‌కి (మిక్సర్‌కి) కలిపి రికార్డు చేశారు. మధ్యలో యాంపూ లేదు, మైకూ లేదు. ఫెండర్ ప్రెసిషన్ బేస్, పైన చదునైన చుట్టు ఉన్న పాత ఫ్లాట్‌వూండ్ తీగలు, ఆ మనిషి వేలు. నీ తీగల పేరాకీ ఈ డీఐ పేరాకీ ఇక్కడే ముడి వేయొచ్చు.

డీఐ గురించి రాసేటప్పుడు పాఠకుడికి తన బేస్ యాక్టివా (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నదా), పాసివా (అది లేనిదా) అన్నది ముందు తేల్చి చెప్పు. పాసివ్ బేస్ పికప్‌కి (తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే భాగానికి) ఎదుట ఎక్కువ ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అడ్డు, కావాలి, ఒక మెగాఓమ్ ఉంటే హాయిగా ఉంటుంది. అది చాలకపోతే పైస్వరాలు మొద్దుబారతాయి. అందుకే పాసివ్ బేస్‌కి యాక్టివ్ డీఐ, యాక్టివ్ బేస్‌కి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ అని సౌండ్ వాళ్లు అంటుంటారు. ఇది శాసనమేమీ కాదు, కానీ కొత్తవాళ్లు ఇక్కడ మొదలుపెడితే తప్పిపోరు. యాక్టివ్ డీఐకి మిక్సర్ నుంచి కేబుల్ గుండా వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ గానీ బ్యాటరీ గానీ కావాలన్నది మరచిపోకుండా రాయి. యాంప్ వెనకున్న డీఐలో ప్రీ, పోస్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది. ప్రీ అంటే యాంప్ నాబ్‌లకి ముందున్న సిగ్నల్, పోస్ట్ అంటే వాటి తర్వాతది. పోస్ట్‌లో ఉంటే నువ్వు స్టేజీ మీద నీ చెవి కోసం బేస్ నాబ్ తిప్పిన ప్రతిసారీ హాలు మొత్తానికి బేస్ మారుతుంది, మిక్సర్ దగ్గరున్న మనిషికి తల తిరుగుతుంది. ప్రీలో పెట్టి, నీ యాంప్‌ని నీ కోసం ఉంచుకో.

ఆ యాంప్ ఎలా పెట్టుకోవాలో కూడా రాయి. చిన్న క్యాబ్ నేల మీద పెడితే నీ మోకాళ్లకి వినిపిస్తుంది. లోస్వరం చుట్టూ పరుచుకుంటుంది గానీ వేలి చప్పుడు, స్వరం మొదలయ్యే అంచు, స్పీకర్ ఎటు చూస్తుంటే అటే వెళ్తాయి. అవి చెవికి అందక మనం బేస్ పెంచుతాం, స్టేజీ అంతా బురదవుతుంది. క్యాబ్‌ని వెనక్కి వాల్చి చెవివైపు తిప్పితే చాలాసార్లు వాల్యూమ్ తగ్గించుకోవచ్చు. 30, 40 హెర్ట్జ్ దగ్గర, దాని కింది శబ్దాన్ని ఆపే హై-పాస్ ఫిల్టర్ ఒకటి పెట్టడం ఇంకో మంచి పని. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది స్వరమే 41 హెర్ట్జ్. ఐదో తీగ ఉంటే 31, అప్పుడు ఫిల్టర్ ఇంకాస్త దించాలి. దాని కింద ఉండేది చేతి తాకిడి, స్టేజీ అదురు. స్పీకర్ కష్టం అంతా వాటికి పోనివ్వకూడదు.

యాక్టివ్ బేస్‌లో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఇది నేను స్టేజీ మీదే నేర్చుకున్నాను. రిహార్సల్ అయ్యాక కేబుల్ అలాగే వదిలేసి రెండు రోజులు ఊరికెళ్లాను. కార్యక్రమం రోజు రెండో పాటలో స్వరం గరగరమని పగిలి, పాట అయిపోయేలోపు పూర్తిగా ఆగిపోయింది. డ్రమ్స్ అతను ఒక్కడే లాక్కొచ్చాడు. అప్పటినుంచి బ్యాగ్‌లో కొత్త 9 వోల్టుల బ్యాటరీ, ఇంకో కేబుల్ లేకుండా గడప దాటను.

ఇక కొన్ని వాక్యాలు నువ్వు "జాగ్రత్తగా ఉండండి" అని వదిలేశావు. అలా వదలకూడదు, ఎలా జాగ్రత్తో చెప్పాలి. హమ్ (గుయ్యిమనే చప్పుడు) వస్తోందని ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. హమ్‌కి డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంది, దాన్ని వాడమను. యాంప్ నుంచి క్యాబ్‌కి స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్ పైకి అలాగే కనిపించినా లోపలి తీగ సన్నం, వేడెక్కుతుంది. 8 ఓమ్‌ల క్యాబ్‌లు రెండు మామూలుగా కలిపితే 4 ఓమ్‌లవుతాయి. యాంప్ అంతకంటే తక్కువ ఓర్చుకోలేనిదైతే మూడోది కలపకూడదు. ట్యూబ్ యాంప్‌ని స్పీకర్ కలపకుండా ఆన్ చేయనివ్వకు, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఈ నాలుగూ ఎంత పొడిగా రాస్తే అంత మంచిది, ఇక్కడ శైలి అక్కర్లేదు.

ఇంట్లో రికార్డింగ్ గురించి నీ పరికరాల జాబితా చాలా పొడుగైంది. మొదలుపెట్టేవాళ్లకి ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉన్న ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (బేస్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), వెనక మూసి ఉన్న హెడ్‌ఫోన్స్, మంచి కేబుల్ చాలు. మిగిలిన డబ్బుతో బేస్‌కి సెటప్ చేయించుకుని తీగలు మార్చుకోమను. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు గెయిన్ (లోపలికి తీసుకునే స్థాయి) ఎర్రగీత దాకా తోయక్కర్లేదు. గట్టిగా వాయించిన స్వరం మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు. క్లిప్ అయిన (గీత దాటి చిట్లిన) స్వరాన్ని తర్వాత బాగుచేయడం చాలా కష్టం, తగ్గిన స్వరాన్ని పెంచడం క్షణం పని. లేటెన్సీ, అంటే వాయించిన స్వరం చెవికి చేరేలోపు అయ్యే ఆలస్యం, కొత్తవాళ్లకి టెన్షన్. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ అంటే ఒకవైపుకి 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ కలిపి, మిగతా ఆలస్యాలతో 10 మిల్లీసెకన్లు అయిందనుకున్నా, యాంప్‌కి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినంతే. ఇలా దూరంలోకి మార్చి చెబితే భయం పోతుంది.

డీఐతో పాటు మైకు కూడా పెట్టాలనుకునేవాళ్లకి ఒక ప్రయోగం చెప్పు. నేను చాలామందితో చేయించాను. మైకుని స్పీకర్‌కి 34 సెంటీమీటర్ల దూరంలో పెట్టు. శబ్దం అక్కడికి చేరడానికి ఒక మిల్లీసెకను పడుతుంది, డీఐలో అది అప్పటికే వచ్చేసింది. రెండూ సమానంగా కలిపితే 500 హెర్ట్జ్ చుట్టూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, స్వరానికి మధ్యలో బొక్క పడ్డట్టుంటుంది. ఇప్పుడు స్క్రీన్ మీద రెండు ట్రాకుల్నీ పెద్దవి చేసి, మొదటి స్వరం మొదటి గుట్ట దగ్గర మైకు ట్రాక్‌ని ఆ కాస్తా ఎడమవైపుకి లాగు. బొక్క పూడిపోతుంది. ఫేజ్ అనే మాటకి నిర్వచనం రాసే బదులు ఈ ప్రయోగం రాయి.

మిక్స్ చేసేచోట గది సంగతి మళ్లీ గుర్తుచేయి. 41 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది, గోడ మీద అతికించిన పల్చటి ఫోమ్‌కి అది అంతుచిక్కదు. ఐదంగుళాల మానిటర్ స్పీకర్లలో చాలావాటికి ఆ స్వరాన్ని నిండుగా పలికే శక్తి ఉండదు. అందుకే హెడ్‌ఫోన్స్‌లో, చిన్న స్పీకర్‌లో, వీలైతే ఫోన్‌లో విని సరిచూసుకోమను. ఫోన్‌లో కూడా బేస్ వరస వినిపిస్తోందంటే దాని పైన పుట్టే హార్మోనిక్స్ (అసలు స్వరానికి కొన్ని రెట్లు వేగంగా కంపించే పైస్వరాలు) బాగున్నాయన్నమాట. కింది స్వరాన్ని చెవి తనే ఊహించుకుంటుంది.

ఇంకొక్కటి, మాటల గురించి. "వెచ్చగా", "పంచ్‌గా", "నిండుగా" అనే మూడు మాటలు నీ వ్యాసంలో పదిహేడు చోట్ల ఉన్నాయి, లెక్కపెట్టాను. వాటిని పూర్తిగా వదలమనను, మనమంతా వాడేవే. వాడిన ప్రతిచోటా ఏ బేస్‌తో, ఏ పికప్ మీద, నాబ్‌లు ఎక్కడ ఉండగా అలా అనిపించిందో పక్కనే రాయి. రాయలేకపోతే ఆ మాట కొట్టేయి. పరికరం నీదా, అరువు తెచ్చిందా, ఎవరైనా ఉచితంగా ఇచ్చిందా అన్నది మొదటి పేరాలోనే చెప్పేయి.

చెవుల రక్షణ గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు, అది మాత్రం నాకు కష్టంగా అనిపించింది. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చని లెక్క కట్టారు, 3 పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్‌లో అది పావుగంట. రిహార్సల్ గదిలో డ్రమ్స్ పక్కన నిలబడేవాళ్లకి ఆ పావుగంట రెండు మూడు పాటల్లోనే అయిపోతుంది. ఇయర్‌ప్లగ్స్ గురించి ఒక పేరా రాసి, యాంప్ పేరా కంటే ముందు పెట్టు.

మూడో పేరా కొట్టేసి కొత్తగా రాయి. ఈసారి గది పొడవు వెడల్పులు, క్యాబ్ ఏ గోడ దగ్గర ఉందో, నువ్వెక్కడ కూర్చున్నావో కూడా రాసి పంపు. ఓపెన్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా రాసుకున్న కాగితం ఫొటో కూడా జతచేయి, నా గదిలో నేనూ వాయించి పక్కపక్కన పెట్టి చూస్తాను.

అక్క